తీసి ఉంది

నమోదు 2114
పాటు. మబ్బు. మోకాళ్ళు నొప్పి.

నాలుగో గట్టు మీద ఉన్న తుపాకుల మంచీ చెడ్డా రాయమని సంఘం వాళ్ళు నాకు ఈ పుస్తకం ఇచ్చారు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. దీన్ని ఎవరూ తెరిచి చూడరని అర్థమైనప్పటి నుంచి మోకాళ్ళ సంగతి కూడా రాస్తున్నాను.

ఈ రోజు పంతొమ్మిది తుపాకులు చూశాను. పదహారింటికి ఉప్పు పట్టింది. రెండింటికి స్ప్రింగు సాగింది. మిగిలిన ఒక్కటీ బాగానే ఉంది, దాన్ని తెచ్చిన మనిషే బాగోలేదు. పది రోజులుగా పీతలు ఒలిచి ఆవిడ కుడి చేతి వేళ్ళ తోలు ఊడిపోయింది. ఇంట్లో వాళ్ళ చెయ్యి అయితే తప్ప ఈ తుపాకీ పలకదు కదా, పిడి ఆవిడని గుర్తుపట్టడం మానేసింది.

"నా ఇంట్లో తుపాకీ నన్నే ఎవత్తివే నువ్వు అంటందండీ! ఇదెక్కడి చోద్యం?" అని బల్ల మీద ఒక్కటి చరిచింది.

కొబ్బరినూనె రాసుకుని నాలుగు రోజులాగి రమ్మన్నాను. నాలుగు రోజులు పందులు ఆగుతాయా అంది. ఆగవు, నిజమే. ఎడమ చేతి గుర్తు పిడికి ఎక్కించి పంపాను. డెల్టా మునిగాక మాకు మిగిలింది ఈ గట్లు, గట్టు పక్కన ఉప్పునీళ్ళలో పండే వరి. అవతల మడ అడవిలో పందులు పెరిగాయి, ఈత కూడా నేర్చాయి. సాయంత్రం నీళ్ళు వెనక్కి పోయే పాటు వేళకి మందలుగా దాటి వస్తాయి. ఒక్కసారి చేలో పడ్డాయంటే ఆ ఇంటికి ఏడాది తిండి పోయినట్టే.

సామాను సర్దుకుంటూ ఉండగా రెండో వరస నుంచి కబురొచ్చింది. వీరవేణి వాళ్ళ అత్తగారిని కాల్చేసిందట.

నమోదు 2115
పోటు. ఎండ.

వీరవేణి అత్తగారు మంగాయమ్మ పోయింది. వైద్యుడి దగ్గరికి మోసుకెళ్ళే లోపే పోయింది.

నాకు ఆవిడ బాగా తెలుసు. తుపాకీ శుభ్రంగా ఉంచుకునే నలుగురైదుగురిలో ఒకావిడ. తనిఖీకి వచ్చినప్పుడల్లా ఎండుచేపలు నాలుగు ఆకులో చుట్టి తెచ్చేది. తీసుకోకూడదమ్మా అంటే, "నీకు కాదులే, అబ్బులుకి" అనేది. అబ్బులు మా ఆయన.

వాళ్ళింట్లోనే తుపాకీని బల్ల మీద పెట్టి చదివే పెట్టె తగిలించాను. ఏ చెయ్యి ఎప్పుడు ఏం చేసిందో ఈ తుపాకీలు దాచుకుంటాయి. ఐదూ నలభైకి తాళం తీసింది మంగాయమ్మ చెయ్యి. వెంటనే ఒకసారి పేల్చింది. రెండో తూటా దానంతటదే ఎక్కింది. ఆరుంపావుకి పిడి పట్టుకుంది వీరవేణి చెయ్యి. ఆ వెంటనే ట్రిగ్గరు నొక్కింది. అంతే ఉంది, ఇంకేం లేదు.

వీరవేణిని పడవల పాకలో కూర్చోబెట్టారు. ఇరవయ్యారేళ్ళ పిల్ల. భర్త సూరిబాబు ఉప్పు పడవల మీద ఉన్నాడు, కబురు పంపారు. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను. ఏం జరిగిందో చెప్పమన్నాను.

"పందులెళ్ళిపోయాయండి. అత్త తుపాకీ అరుగు మీద పెట్టి చేపలెత్తడానికెళ్ళింది. నేను లోపల తగిలించేద్దారని పట్టుకున్నా. 'అత్తా, తీసుందా?' అని అరిచా. 'తీసే ఉందే' అంది. కిటికీలో కూడా చూశానండి, తీసి ఉందనే ఉంది. సరే అని స్ప్రింగు దింపా."

ఇక్కడ ఒక మాట రాయాలి. స్ప్రింగు బిగిసి ఉండగా తుపాకీని గోడకి తగిలిస్తే ఈ ఉప్పుగాలికి వారంలో సాగిపోతుంది. అందుకని తగిలించే ముందు తూటా తీసేసి, ట్రిగ్గరు ఒకసారి ఉత్తినే నొక్కి స్ప్రింగు దింపాలి. ఇది సంఘం నియమం. గట్టు మీద ప్రతి ఇంట్లో ప్రతి సాయంత్రం జరిగే పని, గిన్నెలు కడుక్కోవడం లాంటిది. ఇక కిటికీ అంటే తుపాకీ పక్కన గోరంత అద్దం. తాళం వేసి ఉంటే దాన్లో 'వేసి ఉంది' అని, తీసి ఉంటే 'తీసి ఉంది' అని అక్షరాలు కనిపిస్తాయి.

"గొట్టం ఎటు పెట్టావు?"

"ఏటివైపేనండి, రోజూ పెట్టినట్టే. అత్త చేపల తట్ట పట్టుకుని అటెప్పుడొచ్చిందో చూళ్ళేదు."

వాంగ్మూలం రాశాను. 'తీసి ఉందని అత్తగారు చెప్పారు. తీసి ఉందని కిటికీలో నేనూ చూశాను. తీసి ఉందని తెలిసే నొక్కాను.' చదివి వినిపించాను. "ఆయ్, అదేనండి" అని సంతకం పెట్టింది.

తాళం తీసి ఉందని తెలిసి నొక్కానని ఇంత తాపీగా ఎలా ఒప్పుకుంటుంది మనిషి? చాలా మందిని చూశాను గానీ ఇలాంటి పిల్లని చూడలేదు అనుకుంటూ ఇంటికొచ్చాను.

నమోదు 2116
పోటు. గాలి.

బుల్లబ్బాయి గారు పిలిపించారు. ఆయన మా గట్టు పెద్ద. మాట మంచిది, నిద్ర తక్కువ. వాంగ్మూలం రెండుసార్లు చదివారు.

"ఇంకేవుందండి రత్నమ్మ గారూ, పిల్ల ఒప్పేసుకుంది కదా."

ఒప్పుకుందనే నేనూ అన్నాను. ఇలాగే అన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

"ఈ ఏడాది ఇది మూడోది. ఒకడు తొడలో కాల్చుకున్నాడు. ఒకావిడ సొంత పడవకి చిల్లెట్టింది. ఇప్పుడు ఏకంగా మడిసే పోయింది. మూడుసార్లూ ఇంట్లోవాళ్ళ చెయ్యే, మూడుసార్లూ తాళం తీసే ఉంది. మీరు చేతిని గుర్తుపట్టే పిడి పెట్టారు, కింద పడితే పేలకుండా చేశారు, కాదన్ను. ఐనా ఏవైంది? నా వల్ల కాదండి బాబూ. పౌర్ణమి పోటుకి పెద్ద పడవొస్తాది. తుపాకులన్నీ ఎక్కించి పంపించేద్దారి."

"మరి పందులు?"

"కంచెలు కడదాం. డప్పులు కొడదాం."

"పన్నెండేళ్ళ కిందట తుపాకులు పట్టుకెళ్ళినప్పుడూ డప్పులే అన్నారండి."

ఆ ఏడాది ప్రతి ఇంట్లో ఇనుప గొట్టాలతో సొంత తుపాకులు చేసుకున్నారు. తాళం లేదు, పిడి లేదు, ఎవరి చేతిలోనైనా పేలేవి. ఒక్కోసారి ఎవరి చేతిలోనూ లేకుండానే పేలేవి. పదకొండు మంది పోయారు. మా ఆయన కుడి కన్ను పోయింది. ఆ తర్వాతే మళ్ళీ తుపాకులు ఇచ్చి, వాటిని చూసుకోవడానికి నన్ను పెట్టారు. కొత్త పిడి వచ్చాక తొమ్మిదేళ్ళలో ఒక్క చంటిపిల్ల వేలికి కూడా గీత పడలేదు. ఇదంతా బుల్లబ్బాయి గారికి తెలుసు. ఆయన తమ్ముడు ఆ పదకొండు మందిలో ఒకడు.

"ఆ అమ్మాయి సంగతి?" అన్నాను.

"అదే పడవలో బయటి దిబ్బకి. కావాలని చేసినోళ్ళకి అదే కదండీ."

బయటి దిబ్బకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. అక్కడ మంచినీళ్ళ బావి ఒకటే ఉంది, అదీ ఉప్పెక్కుతోందట. పౌర్ణమికి ఎనిమిది రోజులుంది.

నమోదు 2117
పాటు. ఉక్క.

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి అబ్బులు అరుగు మీద కూర్చుని ఎవరిదో పిడి ఆకురాయితో అరగదీస్తున్నాడు. గట్టు తుపాకులకి మరమ్మతు చేసేది ఆయనే. నేను పొయ్యి మీద అన్నం పెట్టాను. ఆయన నా సంచిలోంచి వాంగ్మూలం లాగి, ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"అయ్యో పాపం. తీసేసుందనుకుందన్నమాట" అన్నాడు.

"అనుకోవడం ఏంటి? తీసే ఉంది. పెట్టె కూడా అదే చెప్పింది."

"తీసుంటే ఎలా పేలుద్దే?"

"తీసుంటేనే కదయ్యా పేలేది! వేసుంటే ఎలా పేలుతుంది?"

"నీకేవన్నా మతి పోయిందా? వేసుంటేనే పేలుద్ది. తీసేత్తే పేలడానికి దాన్లో ఏవుంటదని?"

"పదకొండేళ్ళ నుంచి నేనీ పని చేస్తున్నాను. నాకు చెప్పకు."

"ముప్పయ్యేళ్ళ నుంచి నేను చేత్తన్నాను. నువ్వు నాకు చెప్పకు."

ఇంకో నాలుగు మాటలు ఇలాగే అనుకున్నాం. అప్పుడు ఆయన ఆకురాయి కింద పెట్టాడు.

"ఏవే, నువ్వు దేని గురించి అంటన్నావు?"

"తాళం గురించి. నువ్వో?"

"తూటా గురించి."

అన్నం మాడు వాసన వస్తోంది. ఇద్దరం లేవలేదు.

గోడకి తగిలించి ఉన్న మా ఇంటి తుపాకీ దగ్గరికి వెళ్ళి కిటికీ చూశాను. 'వేసి ఉంది'. నా లెక్కలో తాళం వేసి ఉంది, భయం లేదు. మా ఆయన లెక్కలో తూటా వేసి ఉంది, ముట్టుకోకూడదు. 'తీసి ఉంది' అని ఉంటే నేను భయపడాలి, ఆయన నిమ్మళంగా ఉండాలి. ఆరేళ్ళ నుంచి ఒక్క కప్పు కింద ఆ అక్షరాలని ఇద్దరం తలకిందులుగా చదువుతున్నాం. స్ప్రింగు దింపే వేళకి తాళమూ తూటా రెండూ తీసే ఉంటాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"మరి నువ్వు ఇన్నాళ్ళూ ఎలా బతికావు?"

"నీ కిటికీని నేనెప్పుడు నమ్మానే? తూటా గూట్లో చిటికెనేలు పెట్టి చూసుకుంటా."

నీ కిటికీ అన్నాడు. అది నిజంగా నాదే. మొదట్లో ఆ అద్దంలో రంగులుండేవి, ఎరుపూ ఆకుపచ్చా. ఉప్పుగాలికి ఏడాదిలో రెండూ ఒకే బూడిద రంగు తేలాయి. రంగులొద్దు, అక్షరాలు చెక్కిద్దాం అన్నది నేను. 'వేసి ఉంది, తీసి ఉంది' అని మాటలు ఎంచింది నేను. సభలో చప్పట్లు కొట్టి నాకు స్టీలు క్యారేజీ బహుమతి ఇచ్చారు. ముందుగా ఇరవై మందితో పరీక్ష కూడా చేయించాను. చదవగలుగుతున్నారా అని అడిగాను. అందరూ చదివారు. చదివి ఏమనుకున్నారో ఒక్కరిని కూడా అడగలేదు.

తొడలో కాల్చుకున్నవాడి కాగితం మీదా, పడవకి చిల్లు పెట్టినావిడ కాగితం మీదా 'అజాగ్రత్త' అని రాసి ముద్ర వేసింది కూడా నేనే. సిగ్గుగా ఉంది. సిగ్గు కాదు, భయంగా ఉంది.

నమోదు 2118
పోటు. ఎండ మండిపోతోంది.

పొద్దున్నుంచి గట్టంతా తిరిగాను. నలభై మందిని అడిగాను. తుపాకీ చూపించలేదు. 'కిటికీలో తీసి ఉంది అని ఉంటే ఏంటర్థం?' అని అడిగి, పక్కవాళ్ళు చెప్పకముందే చెప్పమన్నాను.

ఇరవై ముగ్గురు తూటా తీసేసి ఉందన్నారు. పదిహేడుగురు తాళం తీసి ఉందన్నారు. నలభై మందిలో ఒక్కరు కూడా తడుముకోలేదు. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూశారు నన్ను.

మూడో వరసలో ఒక మొగుడూ పెళ్ళాం వల అల్లుతున్నారు. ఆవిడ తూటా అంది, ఆయన తాళం అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏవయ్యా, మొన్న తీసుందన్నావు కదా నాతో?"

"అన్నాను. జాగ్రత్తగా ఉంటావని."

"నేను దాన్ని పిల్లల మంచం పక్కనెట్టాను కదయ్యా!"

ఆవిడ అక్కడే కూలబడిపోయింది. పిల్లల చేతులు పిడికి ఎక్కించలేదమ్మా, వాళ్ళు నొక్కినా పేలదు అని ఎంత చెప్పినా ఊపిరి తిప్పుకోలేదు. పిడి కాపాడింది, మాట ముంచబోయింది. రెండూ ఒకే తుపాకీ మీద ఉన్నాయి.

సాయంత్రం వయసుల వారీగా విడదీసి రాసుకున్నాను. అరవై దాటినవాళ్ళు తొమ్మిది మంది, తొమ్మిది మందీ తాళమే అన్నారు. వాళ్ళు పాత తుపాకులతో నేర్చుకున్నవాళ్ళు, వాటికి తాళమే సర్వం. ముప్పై లోపు పిల్లలందరూ తూటా అన్నారు. వాళ్ళకి సంఘం నేర్పే మొదటి పాఠమే 'ముందు తూటా తీయి' కదా. పాఠం నేర్పేది ఒకరు, కిటికీ చెక్కేది ఒకరు. మా ఇద్దరికీ ఎప్పుడూ మాటల్లేవు.

నమోదు 2119
వాన.

పడవల పాకకి వెళ్ళాను. క్యారేజీలో అన్నం తీసుకెళ్ళాను. వీరవేణి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

"తీసి ఉంది అంటే నీ లెక్కలో ఏంటమ్మా?"

"తూటా తీసేసుందని. ఇంకేవుంటదండీ?"

అప్పుడు చెప్పాను, నలభై మంది సంగతీ, మాట సంగతీ. ఆ మాట పెట్టింది నేనని కూడా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమెకి నా గోల పట్టలేదు.

"నాకొకటే అర్థం కావట్లేదండి. అత్త చేత్తో తాళం తీసింది కదా, తూటా ఉందని ఆవిడికి తెలుసు కదా. తీసే ఉందే అని నాకెందుకు చెప్పిందండి? పొద్దున చేపల కాడ మాటా మాటా అనుకున్నాం. దాన్ని మనసులో పెట్టుకుని ఏదో ఒకటి అనేసిందేవో. లేపోతే చూడకుండా చెప్పేసింది. పదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తప్పు చెప్పలేదండి ఆవిడ. ఆవిడ చెప్పింది కాబట్టే నొక్కా. ఎందుకలా చేసింది అత్త?"

కోపంగానే అంది. ఆ కోపం ఒక్కటే ఆమెని కూర్చోబెట్టి ఉంచుతోందనిపించింది. వాన తగ్గే దాకా ఉండి వచ్చేశాను.

నమోదు 2120
పాటు. పందులు మూడో వరస చేలో పడ్డాయి.

అబ్బులు మూడు రోజుల నుంచి బల్ల దగ్గర్నుంచి లేవడం లేదు. మాట మార్చి ఇంకో మాట చెక్కిద్దాం అన్నాను మొదట. 'తాళం తీసి ఉంది' అని పూర్తిగా రాస్తే సరిపోతుంది కదా అని.

"గోరంత అద్దంలో ఎన్ని అక్షరాలెడతావే? పైగా చీకటి పడే వేళ ఎవడు చదువుతాడు? నీకు రాతంటే పిచ్చి. రాతొద్దు" అన్నాడు.

ఆయన చేసింది ఇది. లోపల తూటా ఉందంటే పిడి పైన, సరిగ్గా బొటనవేలు ఆనే చోట, శనగ గింజంత బొడిపె పైకి లేస్తుంది. తూటా లేకపోతే అక్కడ నున్నగా ఉంటుంది. చూడక్కర్లేదు, అడగక్కర్లేదు, చెయ్యి పడితే తెలుస్తుంది. రెండోది, స్ప్రింగు దింపడానికి ట్రిగ్గరుతో పనే లేకుండా పక్కన చిన్న మీట పెట్టాడు. బొడిపె లేచి ఉన్నంత సేపూ ఆ మీట కదలదు.

"ఇంత చిన్న పని ఆరేళ్ళ కిందటే చెయ్యొచ్చు కదయ్యా?"

"ఎవరడిగారు? మీరు సభలో చప్పట్లు కొట్టుకుంటన్నారు."

మళ్ళీ అదే నలభై మంది దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఏమీ అడగలేదు. మందు లేని ఉత్తి తూటా పెట్టిన తుపాకీ చేతికిచ్చి, స్ప్రింగు దింపి గోడకి తగిలించమన్నాను. ముప్పై ఎనిమిది మంది బొటనవేలు ఆనగానే ఆగి, తూటా తీసి, అప్పుడు దింపారు. ఒకావిడ, ఇదేదో కురుపులా ఉందేంటండీ అని అడిగి, ఆ తర్వాత తీసింది. ఒక పెద్దాయన మాత్రం బొడిపెని రాయితో కొట్టి లోపలికి దింపబోయాడు. ఆ సంగతి చెబితే అబ్బులు గంటసేపు తిట్టుకుని, బొడిపెని మందమైన ఉక్కుతో మళ్ళీ చేశాడు.

నలభై తుపాకులకి పెట్టడానికి నెల పడుతుంది. గట్టు మీద నాలుగొందల ఇళ్ళున్నాయి. మోకాళ్ళ సంగతి రాయడం దండగ.

నమోదు 2121
పౌర్ణమి. పెద్ద పోటు.

పొద్దున్నే పడవ వచ్చి గట్టుకి కట్టేసి ఉంది. సభ బడి పాకలో పెట్టారు. వీరవేణిని ఒక పక్క కూర్చోబెట్టారు. సూరిబాబు రాత్రి దిగాడట, ఇంకో పక్క కూర్చున్నాడు. తల్లి పోయింది, పెళ్ళాం చేతిలో పోయింది. పాపం వాడు ఎటు చూడాలో తెలియక నేల చూస్తున్నాడు.

బుల్లబ్బాయి గారు వాంగ్మూలం చదివారు. 'తీసి ఉందని తెలిసే నొక్కాను' దగ్గర పాకంతా గొల్లుమంది.

నేను లేచి, సభ పెద్దలు ఏడుగురికీ తలో పలకా ఇచ్చాను. తీసి ఉంది అంటే ఏంటో పక్కవాళ్ళకి చూపించకుండా రాయమన్నాను. ఇదేం బడాండీ అని ఒకాయన విసుక్కున్నాడు గానీ రాశాడు. పలకలు తిప్పమన్నాను. నాలుగు పలకల మీద తాళం అని ఉంది, మూడింటి మీద తూటా అని ఉంది.

పాకలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. మొగుళ్ళూ పెళ్ళాలూ, అన్నలూ తమ్ముళ్ళూ ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళని నిలదీస్తున్నారు. నువ్వేమనుకున్నావు అంటే నువ్వేమనుకున్నావు అని. బుల్లబ్బాయి గారు తన పలక చూసుకున్నారు, తాళం అని ఉంది. పక్కన కూర్చున్న వాళ్ళ అల్లుడి పలక మీద తూటా అని ఉంది.

నా దగ్గరున్న లెక్కంతా చదివాను, వయసులతో సహా. అబ్బులు బొడిపె పెట్టిన తుపాకీ అందరి చేతుల్లోనూ తిప్పాడు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని బొటనవేలుతో తడిమి చూశారు.

"ఈ తుపాకులు తీసుకెళ్ళకండి" అన్నాను. "తీసుకెళ్తే వీళ్ళు ఏం చేసుకుంటారో మా ఆయన మొహం మీద రాసి ఉంది. చెడ్డది తుపాకీ కాదు, ఈ పిల్ల చెయ్యీ కాదు. సగం మందికి ఒకలాగా, సగం మందికి ఇంకోలాగా వినబడే మాటని ప్రాణం మీద పెట్టాం. దాన్ని తీసేద్దాం."

తీసేద్దాం అన్నాక నాకే ఒళ్ళు జలదరించింది.

గంట తగువులాడుకున్నారు. చివరికి తేలింది ఇది. తుపాకులు పడవ ఎక్కవు, వీరవేణీ ఎక్కదు. బొడిపె పెట్టే దాకా ఒక్కో వరసలో ఒక్కో తుపాకీనే వాడాలి, దాన్ని ఇద్దరు చూసుకోవాలి. మిగతావి నా గదిలో తాళం. ఈ పంట పందులు కొంత తినేస్తాయి, తిననిద్దాం అన్నారు బుల్లబ్బాయి గారు.

తర్వాత కాగితం నా ముందు పెట్టారు. 'తప్పు ఎవరిది' అన్న చోట రెండే గళ్ళున్నాయి, చెయ్యి, తుపాకీ. రెండూ కొట్టేసి పక్కన 'మాట' అని రాశాను. కింద 'ఆ మాట పెట్టింది, ముందు జరిగిన రెండింటికీ అజాగ్రత్త అని రాసింది, తనిఖీదారు నూకరత్నం' అని రాసి సంతకం పెట్టాను.

బుల్లబ్బాయి గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"ఇలా రాత్తే మీ ముద్ర తీసేసుకోవాలండి. ఉండలేరు మీరింక ఈ పన్లో."

"తీసుకోండి."

"ఆ రోజు మేవూ చప్పట్లు కొట్టాం కదండీ" అన్నారు, మెల్లిగా.

ముద్ర ఆయన చేతిలో పెట్టాను. బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నమోదు 2122
పాటు. ఎండ.

పుస్తకం రేపు కొత్తావిడకి ఇచ్చేయాలి. ఇదే నా ఆఖరి నమోదు.

పడవ ఖాళీగా వెళ్ళిపోయింది. గది నిండా ఇప్పటికి చేరిన మూడొందల తుపాకులు, బల్ల ముందు అబ్బులు. ముద్ర లేకపోయినా ఆకురాయి పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి నేనూ పక్కన కూర్చుని బొడిపెలు అరగదీస్తున్నాను.

మధ్యాహ్నం వీరవేణి వచ్చింది, వాళ్ళింటి తుపాకీ పట్టుకుని. సూరిబాబు దారిలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కానీ వెళ్ళిపోలేదు. అదీ మంచిదే అనుకున్నాను.

తుపాకీ బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోతుందనుకుంటే నా ఎదురుగా కూర్చుంది.

"రత్నమ్మ గారూ, మా అత్తకి అరవయ్యెనిమిదండి."

అబ్బులు ఆకురాయి ఆపాడు.

"సభలో చదివారు కదండీ మీరు. అరవై దాటినోళ్ళందరూ తాళమే అన్నారని. నేనానాడు విన్లేదు సరిగా. నిన్న రాత్రంతా అదే ఆలోచిత్తన్నా." బల్ల మీది తుపాకీ వైపు చూసింది. "ఐతే అత్త 'తీసే ఉందే' అన్నది... తాళం తీసుంది, జాగ్రత్తా అని చెప్పిందాండీ నాకు?"

కళ్ళలోకి చూస్తోంది. అవునంటే ఈ పిల్ల ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఆవిడ తప్పు చెప్పిందన్న కోపం మీద నిలబడింది. కాదంటే ఆ ముసలావిడ ఏమవుతుంది?

"తెలీదమ్మా" అన్నాను. "ఆవిడ మనసులో ఏముందో ఎవరికి తెలుసు?"

ఆమె తల ఊపి, లేచి వెళ్ళింది. గుమ్మం దాటాక సూరిబాబు ఒక అడుగు వెనకగా ఆమె వెంట నడిచాడు.

అబ్బులు మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఆమెకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. తాళం తీసింది మంగాయమ్మ చెయ్యే. అది తీసి ఉందని ఆవిడకి తెలుసు. కోడలు తుపాకీ పట్టుకోవడం చూసి, ప్రమాదం ఉందని తెలియాలనే గట్టిగా చెప్పింది. నేను ఎంచి పెట్టిన మాటతోనే చెప్పింది.